అడిగి ముట్టుకోవాలి

బాపట్ల,
జూన్.

అంద్రెయ మాస్టారికి, మూర్తి నమస్కారాలు.

మీరు రిటైరై సొంత ఊరు రేపల్లె వెళ్లిపోయాక ఇక్కడ నాతో పోట్లాడే మనిషి లేడు. ఒకే హైస్కూల్లో మీరు లెక్కలు, నేను తెలుగు చెప్పుకుంటూ, స్టాఫ్ రూములో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉద్యోగమంతా వాదించుకున్నాం. ఇప్పుడు నేనేమన్నా అందరూ 'అవునండి' అంటున్నారు. అలాంటి ఊళ్లో ఎన్నాళ్లుంటాను? నేనూ బాపట్ల వదిలేస్తున్నాను.

మా తమ్ముడి కూతురు గీతిక మీకు గుర్తుండే ఉంటుంది, ఎక్కాలు రాక మీ చేత మొట్టికాయలు తిన్న పిల్ల. నర్సు ఉద్యోగం మానేసి, తెనాలిలో కాలవ పక్కన ఒక మేడ అద్దెకు తీసుకుని ఆడపిల్లలకు పని నేర్పుతోంది. మంచం పట్టినవాళ్లను, ముసలివాళ్లను ఇంటి దగ్గరే ఉండి చూసుకునే పని. ఒళ్లు తుడవడం, తినిపించడం, పక్కకు తిప్పడం, లేపి కూర్చోబెట్టడం. నేర్చుకున్నవాళ్లను అవసరమైన ఇళ్లకు పంపుతుంది. మా ఆవిడ భ్రమరాంబ పోయాక నేను రోజూ చారు కాచుకుని బతుకుతున్నానని ఎవరో చెప్పారట, వచ్చి తనతో ఉండమంది.

ఊరికే తిని కూర్చోనన్నాను. పిల్లలు నేర్చుకోవడానికి అక్కడొక రబ్బరు బొమ్మ ఉంది. "దాన్ని ఎట్టా తిప్పినా ఊరుకుంటది పెదనాన్నా. అమ్మో అనదు, అబ్బా అనదు. పిల్లలకి తప్పు చేశామని తెలియట్లేదు" అంది. అయితే ఆ మంచం మీద నేను పడుకుంటానన్నాను. నవ్వింది. నేను నిజంగానే అంటున్నానని తెలిశాక నవ్వు ఆపి, నా వంక అదోలా చూసింది.

జ్ఞానమ్మగారికి ఎలా ఉంది? ఫోనులో అడగొచ్చు. కానీ మీకు వినపడక మీరు అరిచి చెప్పేదంతా పక్క గదిలో మంచం మీద ఉన్న ఆవిడ వింటుంది. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. దాచకుండా రాయండి.

మీ
నరసింహమూర్తి


రేపల్లె,
జూన్ ఆఖరు.

మూర్తిగారికి, ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలని కోరుకుంటూ రాస్తున్నాను.

మీరు బొమ్మ స్థానంలోకి పనికిరారు. బొమ్మ మాట్లాడదు.

జ్ఞానమ్మ అలాగే ఉంది. నిరుడు క్రిస్మస్ ముందు పక్షవాతం వచ్చినప్పుడు పడిపోయిన కుడి పక్క ఇంకా పడిపోయే ఉంది. మాట వస్తుంది, కానీ నిదానంగా వస్తుంది, నా చెవికి సగమే అందుతుంది. పిల్లలు లేని ఇల్లు కదా, అంతా నేనే చూసుకుంటున్నాను. తుడవడం, బట్టలు మార్చడం, తల దువ్వడం, మిగిలినవి కూడా. పక్కింటి ధనమ్మ స్త్రీల సమాజంలో జ్ఞానమ్మతో కలిసి పనిచేసిన మనిషి. నేనొచ్చి చేస్తానండీ అని ఎన్నోసార్లు అడిగింది. వద్దన్నాను. రోగమందును ఆరోగ్యమందును అని పెళ్లినాడు మందిరంలో అందరి ముందు ప్రమాణం చేసినవాణ్ని నేను. ధనమ్మ కాదు.

మొన్న ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రసంగంలో నా పేరు ఎత్తారు. భార్యను ఎలా చూసుకోవాలో అంద్రెయ మాస్టారిని చూసి నేర్చుకోండి అన్నారు. ఆడవాళ్లందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఇంటికొచ్చి జ్ఞానమ్మకు చెప్పాను. కళ్లు మూసుకుని విన్నది. సంతోషించి ఉంటుంది.

మీ
అంద్రెయ


తెనాలి,
జూలై.

అంద్రెయ మాస్టారికి,

నేను మంచం పట్టి వారం దాటింది. కంగారు పడకండి, సాయంత్రం కాగానే లేచి కాలవ గట్టున నడుస్తున్నాను.

నాకిచ్చిన వేషం మీ ఇంట్లో ఉన్నదే. కుడి పక్క పడిపోయిన రోగిని. కుడి చెయ్యి, కుడి కాలు నేను కదపకూడదు. మొదటి రోజు నన్ను తుడవడానికి వచ్చింది రూబీ అని మీ రేపల్లె దగ్గర నగరం అనే ఊరి పిల్ల. బేసినుతో వచ్చి, హుషారుగా నా మీది దుప్పటి లాగేసింది. లోపల బనీనూ లుంగీ ఉన్నాయి. అయినా నేను ఎడమ చేత్తో ఆ దుప్పటి గబుక్కున పట్టుకున్నాను. నా చేతిని నేను ఆపుకోలేకపోయాను. గీతిక వచ్చి, "ఆయన్ని అడిగావా?" అంది. "లేదండి" అంది రూబీ. "ముందు అడగాలి. అడిగి ముట్టుకోవాలి. ఆయన వద్దంటే ఆగాలి. మంచం మీద ఉన్నారని ఆయన ఒళ్లు మనదయిపోదు" అంది. రూబీ మళ్లీ గుమ్మం దాకా వెళ్లి వచ్చి, "తాతయ్యగారూ, మీ వీపు తుడవమంటారా?" అని అడిగింది. అప్పుడు సరేనన్నాను.

మాస్టారూ, మంచం మీద పడుకుని కింద నుంచి చూస్తే మనుషులు వేరేగా కనపడతారని నాకు తెలియదు. నా మనవరాలి వయసు పిల్ల నా అరికాలు తుడుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అది ఉత్తుత్తి రోగం. నిజంగా లేవలేనివాళ్లకు ఎలా ఉంటుందో అనుకుంటూ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

జ్ఞానమ్మగారు ఏం తింటున్నారు? ఆవిడ గురించి రాయమంటే మీరు అయ్యగారి ప్రసంగం గురించి రాశారు.

మీ
మూర్తి


రేపల్లె,
ఆగస్టు.

మూర్తిగారికి,

జ్ఞానమ్మ జావ, మెత్తగా చేసిన అన్నం తింటోంది. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి.

ఒక విషయం గీతికను కనుక్కుని రాయండి. మా పక్కింటాయన భార్య మంచం మీద ఉంది. నడుము కింద ఒక చోట చర్మం ముందు ఎర్రబడి, తరవాత నల్లబడి, ఇప్పుడు కొంచెం ఊడిందట. ఆయన మా పాత విద్యార్థి ఎవరో దుగ్గిరాల నుంచి తెచ్చిచ్చిన మంచి పసుపు పొడి అందులో అద్దుతున్నాడు. చిన్నప్పుడు మనకు దెబ్బ తగిలితే పెద్దవాళ్లు చేసింది అదే కదా. అయినా తగ్గడం లేదు. పౌడరు కూడా వేస్తున్నాడు. ఇంకేం చెయ్యాలో అడిగి రాయండి. ఆయన చాలా శ్రద్ధగల మనిషి, ఆ మాట కూడా గీతికకు చెప్పండి.

మీ
అంద్రెయ


తెనాలి,
ఆగస్టు.

మాస్టారూ,

మీ ఇంటికి ఒక పక్క ధనమ్మగారు, ఆవిడకు భర్త లేరు. రెండో పక్క ఖాళీ స్థలం, అందులో గేదెలు కడతారు. నేను మీ ఇంటికి వచ్చినవాణ్ని. నా దగ్గర పక్కింటాయన్ని పుట్టించకండి.

మీ ఉత్తరం గీతికకు చదివి వినిపించాను. మొహం మాడిపోయింది దానికి. అది పడక పుండు అంది. ఒకే వైపు పడుకోబెట్టి ఉంచితే బరువంతా అక్కడే పడి చర్మం చచ్చిపోతుందట. అందులో పసుపు, పౌడరు కూరకూడదు, లోపల చీము పట్టినా పైకి తెలియదు. ఉత్తరం అందిన రోజే డాక్టరుకు చూపించండి. ఆయన చెప్పినట్టు కట్టు కట్టించండి. పగలూ రాత్రీ పక్కలు మారుస్తూ ఉండాలి. ఆ చోట బరువు పడకూడదు, దాన్ని రుద్దకూడదు. వదిలేస్తే ప్రాణం మీదకు వస్తుంది అంది. ఆ మాట మెత్తగా రాద్దామని చూశాను. మెత్తగా రాస్తే మీరు రేపు చూద్దాంలే అంటారు.

ఇంకోటి అడగమంది. ఆవిడను లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతున్నారా? లాగితే భుజం జారుతుంది, ఆ నొప్పి చెప్పలేనిదట.

రూబీ పని బాగా నేర్చుకుంది. మంచి పిల్ల, మీ సంఘానిదే. పంపమంటారా?

మూర్తి


రేపల్లె,
ఆగస్టు ఆఖరు.

మూర్తిగారికి,

డాక్టరుకు చూపించాను. కట్టు కట్టాడు. ఇంకాస్త ఆలస్యం చేస్తే చేతికి దక్కదన్నాడు. నా మొహం మీదే అన్నాడు. జ్ఞానమ్మ వింటోంది.

చెయ్యి పట్టుకునే లాగుతున్నాను. లాగినప్పుడల్లా మూలిగేది. జబ్బు మూలుగు అనుకున్నాను.

మీరు నన్ను ఎగతాళి చేసినందుకు నాకు కోపం లేదు. కానీ రూబీని పంపుతానన్నందుకు కోపం వచ్చింది. చేతకాదని ఒప్పుకుని పరాయి పిల్లకు అప్పగించి, నేను వరండాలో పేపరు చదువుకోవాలా? ఆదివారం మందిరంలో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి? జ్ఞానమ్మ నన్ను నమ్ముకుని ఉంది. ఆవిడ ఒక్కరోజు కూడా ఇంకొకరిని పెట్టమని అడగలేదు. తప్పు చేశాను, దిద్దుకుంటాను. ఎవరినీ పంపకండి.

అంద్రెయ


తెనాలి,
సెప్టెంబరు.

మాస్టారూ,

సరే, ఎవరినీ పంపను. మీరే రండి.

రేపల్లెలో పొద్దున పాసింజరు ఎక్కితే తెనాలి క్లాసు మొదలయ్యే వేళకు దిగుతారు. సాయంత్రం బండికి వెళ్లిపోవచ్చు. ఆ కాసేపు ధనమ్మగారు ఆవిడ దగ్గర ఉంటారు, ఆ మాత్రం ఒప్పుకోండి. ఇక్కడ అందరూ ఆడపిల్లలు, మగవాళ్లను చేర్చుకోవడం లేదు. గీతిక మీ కోసం ఒప్పుకుంది. మొట్టికాయల సంగతి మరిచిపోలేదని మాత్రం చెప్పమంది.

తిప్పడానికి మనిషి కావాలి కదా. నేను మంచం మీదే ఉన్నాను. మీ తప్పులన్నీ నా ఒంటి మీద చెయ్యండి, ఇంటికి వెళ్లేసరికి ఆవిడకు తప్పు లేని చేతులు అందుతాయి.

మూర్తి


రేపల్లె,
సెప్టెంబరు.

మూర్తిగారికి,

సోమవారం వస్తున్నాను. దగ్గర కూర్చుని జావ, మంచినీళ్లు తాగిస్తే చాలు, తుడవడం, బట్టలు మార్చడం వద్దని ధనమ్మకు చెప్పాను. పక్క మార్చేటప్పుడు భుజమూ తుంటీ పట్టి ఎలా తిప్పాలో డాక్టరుగారి నర్సు చూపించింది, ఆ ఒక్కటీ చెయ్యమన్నాను. జ్ఞానమ్మకు చెబితే తల ఊపింది.

అంద్రెయ


తెనాలి,
అక్టోబరు.

అంద్రెయ మాస్టారికి,

మీ క్లాసులు అయిపోయి మీరు వెళ్లాక ఈ మేడ బోసిపోయింది. అంత పెద్దాయన బల్ల మీద నోట్సు రాసుకోవడం ఎప్పుడూ చూడలేదని పిల్లలు చెప్పుకుంటున్నారు. మొదటి రోజు మీరు పాత అలవాటు కొద్దీ నా కుడి చెయ్యి పట్టి గుంజినప్పుడు నేను వేసిన కేక ఉత్తుత్తిది కాదు, ఆ భుజం ఇంకా సలుపుతోంది. ఆఖరికి నా మోకాలు మడిచి, భుజమూ తుంటీ పట్టి, మీ వైపుకు మెల్లిగా తిప్పుకున్నారు. నిద్రపోతున్నవాడు పక్కకు ఒత్తిగిల్లినట్టే ఉంది నాకు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖరున అని మీరు పైకే అనుకుంటూ చేశారు.

ఒక సంగతి మీతో ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. ఉద్యోగమంతా కలిసి ఉన్నా మనం నమస్కారాలు పెట్టుకున్నవాళ్లమే గానీ ఒకరినొకరం ముట్టుకున్నవాళ్లం కాదు. మీరు నా వీపు తుడుస్తుంటే భ్రమరాంబ పోయాక ఆ వీపు మీద పడిన చెయ్యి ఈ పిల్లలదీ, మీదీ మాత్రమే అని తోచింది. నా కళ్లు చూసి నీళ్లు వేడిగా ఉన్నాయా అన్నారు మీరు. అవునన్నాను. నీళ్లు సరిగానే ఉన్నాయి.

ఇప్పుడు మీరు నాకొకటి చెప్పాలి. కప్పి తుడవడం నేర్పిన రోజు, గీతిక నా మీద దుప్పటి మొత్తం కప్పి, ఒక్క కాలే బయటికి తీసి, అది తుడిచాక కప్పేసి రెండోది తియ్యమంది. మీరు తడి గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తరవాత వరండాలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆఖరి రోజు కూడా మాట్లాడకుండా రైలెక్కారు. ఏమైంది?

మీ
మూర్తి


రేపల్లె,
అక్టోబరు ఆఖరు.

మూర్తిగారికి,

మీరు అడిగారు కనక రాస్తున్నాను. అడగకపోయినా రాసేవాణ్ని, కొంచెం ఆలస్యమయ్యేది.

మీ మీద దుప్పటి కప్పమన్నప్పుడు నాకు తట్టింది, నేను జ్ఞానమ్మకు ఒక్కరోజు కూడా అలా కప్పలేదని. తలుపు వేసి ఉంది, లోపల ఉన్నది నేనే కదా అనుకున్నాను. బట్టలన్నీ తీసేసి, గబగబా తుడిచి, గబగబా కట్టేవాణ్ని. ఆ సేపంతా ఆవిడ కళ్లు మూసుకునేది. నీళ్లకు హాయిగా ఉండి నిద్ర వస్తోందనుకున్నాను. వరండాలో నిలబడి ఆ కళ్లు తలుచుకున్నాను. అయినా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, రేపటి నుంచి కప్పి చేస్తాను, సరిపోతుంది అని.

ఆఖరి రోజు ఇంటికి వచ్చేసరికి గదిలో సబ్బు వాసన. జ్ఞానమ్మ ఒళ్లు తుడిచి ఉంది. జడ బిగించి వేసి ఉంది. నేను వేస్తే ఆ జడ ఎప్పుడూ నిలవదు. మంచం పక్కన ధనమ్మ తడి గుడ్డలు పిండుతోంది. నేను కేకలేశాను. ముట్టుకోవద్దని చెప్పానా లేదా అన్నాను. వీధిలోకి వినపడేలా అన్నాను.

ధనమ్మ తగ్గలేదు. "నన్ను కేకలేయకండి మాస్టారండీ. నాకై నేను చెయ్యలా. అక్క అడిగింది. మీరు రైలెక్కిన మొదటి రోజు నుంచీ అడుగుతానే ఉంది. మాస్టారు వద్దన్నారక్కా అంటానే ఉన్నా. ఇయ్యాల ఏడ్చిందండి. ఇంక నా వల్ల కాలా" అంది. బకెట్టు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

నేను కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. గీతిక నేర్పిందే అడిగాను. "జ్ఞానా, నిన్ను పక్కకి తిప్పమంటావా?" అన్నాను. ఇన్ని నెలల్లో అడగడం అదే మొదలు.

నా వంక చూసి, "మీరొద్దు" అంది.

నాకు సరిగా వినపడలేదనుకుని చెవి దగ్గర పెట్టాను. మళ్లీ అదే అంది. తరవాత ఒక్కో మాటా కూడగట్టుకుని చెప్పింది. "ఒక ఆడమనిషిని పెట్టండి. మీ ముందు నేనెప్పుడన్నా జుట్టు విరబోసుకు తిరిగానా? మీరు లేవకముందే లేచేదాన్ని. ఇప్పుడు నా గుడ్డలు మీరు తీస్తుంటే చచ్చిపోతే బాగుండుననిపిస్తందండీ."

ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"అయ్యగారు మందిరంలో మీ పేరు చెప్పారంటిరి. అందరూ మెచ్చుకున్నారంటిరి. నేనెట్టా చెప్పను" అంది.

మూర్తిగారూ, ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నడుం వంగిపోయేలా చేసిందంతా ఏమయినట్టు అనిపించింది. పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. అప్పుడు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. నా ప్రమాణం కోసం ఆవిడ రోజూ సిగ్గుతో చచ్చింది. పుండు సంగతి డాక్టరుకు చూపిస్తే తెలిసింది. ఇది చూపించడానికి ఏ డాక్టరూ లేడు. ఆవిడ నోరు విప్పితేనే తెలుస్తుంది, ఆ నోరు మూసింది నేను.

మర్నాడు పొద్దున్నే ధనమ్మ ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. "అయ్యో, ఊరుకోండి మాస్టారండీ" అంది గానీ కళ్లు తుడుచుకుంది. అక్కడి నుంచే గీతికకు ఫోను చేశాను. వీధంతా విననీ అని అరిచే చెప్పాను, రూబీని పంపించమ్మా అని. ఆదివారం అయ్యగారిని కలిసి, ఇంక ప్రసంగంలో నా పేరు ఎత్తవద్దండి అన్నాను. ఎందుకని అడిగారు. మా ఇంటిదాన్ని అడగకుండా చేసిన పని అండి అది అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు.

రూబీ వచ్చింది. పుండు మూసుకుంటోంది, డాక్టరు ఈసారి నన్ను తిట్టలేదు. రాత్రిళ్లు పక్క మార్చేది నేనే. అడిగే మారుస్తున్నాను. దానికి సరేనంటుంది. మిగిలినవి రూబీ చేస్తుంది.

నిన్న పొద్దున రూబీ తలుపు వేసుకుని ఆవిడను తయారుచేస్తుంటే నేను వరండాలో కూర్చున్నాను. లోపల ఏదో మాట్లాడుకుంటున్నారు, నా చెవికి అందదు. జ్ఞానమ్మ నవ్వింది, అది మాత్రం వినపడింది. కాసేపటికి రూబీ తలుపు తీసి, "తాతయ్యగారూ, అమ్మమ్మగారు రమ్మంటున్నారండి" అంది.

వెళ్లాను. దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. గంజి పెట్టిన చీర, పైట సరిగా సర్దుకుని ఉంది. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గడ్డం గీసుకోలేదేంటండీ?" అంది.

పక్షవాతం వచ్చాక ఆవిడ నా గురించి అడగడం అదే మొదలు. నేను వెంటనే పెరట్లోకి వెళ్లి గడ్డం గీసుకున్నాను. తొందరలో చెంప మీద గాటు పడింది. తెల్ల చొక్కా వేసుకుని మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. జ్ఞానమ్మ ఎడమ చేత్తో మంచం మీద తన పక్కన తట్టి, కూర్చోమంది.

మీ
అంద్రెయ